వైర్లకు తొడిగిన నీలం చీర

శంషాబాద్,
3 జూలై 2012

చంద్రమ్మ వదినకు,

అనంతమ్మ నమస్కారాలు. మీరు రావిర్యాల చేరి మూడు రోజులైంది. నేను ఈ ఫ్లాటులో దిగీ మూడు రోజులే. ఈ మూడు రోజుల్లో మీ మనుమరాలు తలుపు చప్పుడైన ప్రతిసారీ మీరేనేమోనని పాకుతూ వెళ్ళి, పాలవాణ్ణి చూసి ఏడ్చింది. నాకూ మనుమరాలేనని గుర్తుచేయడానికి ఈ ముక్క రాస్తున్నాను. నిన్న మీతో ఫోనులో మాట్లాడుతుంటే ఫోను నా చేతిలోంచి లాక్కుని, దాని వెనక మీ కోసం వెతికింది. తరువాత సోఫా కింద వెతికింది. ఆ తరువాత గంటసేపు ఏడుపు. అందుకని ఇక మన మాటలు ఉత్తరాల్లోనే. ఉత్తరానికి గొంతు ఉండదు.

మా శ్రీకాంత్, మీ కవిత ఇద్దరిదీ ఎయిర్‌పోర్టు ఉద్యోగమే. ఎవరి షిఫ్టు ఎప్పుడో వాళ్ళకే తెలియదు. పిల్లను చూసుకోవడానికి రెండు నెలలు మీరు, రెండు నెలలు నేను అని క్యాలెండరులో గీతలు గీశారు. బాగానే ఉంది. పిల్ల పేరు చందన. దాన్ని అందరూ చందు, చందు అంటారు. చంద్రమ్మలో సగం. పేరు దగ్గరే మీరు నాకంటే ఒక అడుగు ముందున్నారు. దాని గురించి నేనేమీ అనను.

అసలు సంగతికి వస్తాను. ఈ ఇంట్లో వైర్లు. సైన్సు టీచరుగా పని చేసినదాన్ని కనుక లెక్కపెట్టాను. హాల్లో పదకొండు, పడకగదిలో ఏడు, వంటింట్లో నాలుగు. టీవీది, దాని కింది డబ్బాది, ఇంటర్నెట్ డబ్బాది, ఇన్వర్టరుది, దోమల మందుది, చార్జర్లవి. వాటిలో రెండు చార్జర్లకు ఫోన్లే లేవు. ఫోన్లు ఎప్పుడో పోయినా ఇవి ఇంకా ఇక్కడే కాపురముంటున్నాయి. అన్నీ ఒకదానిలో ఒకటి దూరి, దువ్వని జడలాగా నేల మీద పడి ఉన్నాయి. నిన్న చందు ఒక చార్జరు కొస నోట్లో పెట్టుకుని చెరుకు ముక్కలా చప్పరిస్తోంది. స్విచ్చి వేసే ఉంది.

రెండు నెలలు మీరు ఇక్కడే ఉన్నారు. ఈ వైర్లు మీ కంట పడలేదా అని అడగను. అడిగితే బాగుండదు.

అనంతమ్మ


రావిర్యాల,
9 జూలై 2012

వదినమ్మకు దండాలు.

ఉత్తరం ముట్టింది. అడగను అని రాసి అడిగిండ్రు. హెడ్మాస్టరమ్మ గద, అడుగుడు గిట్లనే ఉంటది.

వైర్లు నాకు కనవడ్డయి వదినమ్మా. కండ్లు మంచిగనే ఉన్నయి, రోజుకు పది జాకెట్లు కుడుతున్న. కానీ నేనున్న రెండు నెలలు పిల్లను నేల మీద ఇడిచింది ఎన్నడు? సంకల ఉన్న పిల్లకు నేల మీది వైరు ఎట్ల అందుతది? మీరు ఇడిచిండ్రు, దానికి అందింది. నేను ఏడో తరగతి దాకనే సదివిన. నాకు గింతే సమజైంది.

ఒక్క ముచ్చట జర యాది వెట్టుకోండ్రి. పగటీలి నిద్రకు సతాయిస్తే నా కొంగు కొస చేతిల వెడుతుంటి. దాన్ని పిడికిట్ల వట్టుకుంటే రెండు నిమిషాల్ల పండుకుంటది. మీ చీరలకు గంజి ఉంటది గద, పిల్ల చేతికి గుచ్చుకుంటదేమో. ఇంట్ల మెత్తటిదేదన్న ఉంటే చూడుండ్రి.

తలుపు సప్పుడైతే నాకోసం పాకుతున్నదని రాసిండ్రు. నాలుగు సార్లు సదివిన ఆ ముక్క.

చంద్రమ్మ


శంషాబాద్,
27 ఆగస్టు 2012

వదినగారికి,

ముందుగా గంజి సంగతి. ముప్పై నాలుగేళ్ళు గంజి చీర కట్టుకునే పాఠాలు చెప్పాను. ఒక్క పిల్లకూ గుచ్చుకోలేదు. భయపడినవాళ్ళున్నారు, అది చీర వల్ల కాదు.

ఇక వైర్లు. ఈ వీధి చివర బర్కత్ అనే ఎలక్ట్రీషియన్ ఉన్నాడు. వాణ్ణి పిలిపించి నాలుగు రోజులు దగ్గరుండి పని చేయించాను. టీవీని గోడకెక్కించాం. దాని వైర్లన్నీ తెల్లటి ప్లాస్టిక్ పట్టీల్లో దూర్చి, గోడ మూలల వెంట తిప్పి మేకులు కొట్టించాను. ఇంటర్నెట్ డబ్బాను అలమార మీదికి పంపాను. ఇన్వర్టరుకు జాలీ తలుపు పెట్టించాను. మూడో రోజు బర్కత్ నిచ్చెన మీదినుంచి అడిగాడు: "అమ్మా, నాకొకటి చెప్పుండ్రి. మీకు వైర్లు కనవడొద్దా, కరెంటే ఒద్దా?" రెండూ వద్దనే రోజు వస్తే చెప్తాను, ముందు ఆ మేకు తిన్నగా కొట్టు అన్నాను.

ప్రతి ప్లగ్గుకూ ఒక చీటీ అంటించి, ఏది దేనిదో నా చేతిరాతతో రాశాను. శ్రీకాంత్ షిఫ్టు నుంచి వచ్చి చూసి, "అమ్మా, ఇల్లు అచ్చం మీ బడి ల్యాబులాగుంది" అన్నాడు. కవిత నవ్వింది. ఎందుకు నవ్విందో అడగలేదు. మెచ్చుకోలుగానే తీసుకున్నాను.

ఇంకో సంగతి. చందు "మ్మమ్మ" అంటోంది. అది అమ్మమ్మే అని కవిత వాదన. నేను వారం రోజులు పరిశీలించాను. గిన్నె కనిపించినప్పుడే అంటోంది. కనుక అది అన్నం. మీకు ఎవరైనా వేరేగా చెబితే నమ్మవద్దు.

ఒకటో తేదీన మీరు వస్తున్నారు. పట్టీలను ముట్టుకోకండి.

అనంతమ్మ


శంషాబాద్,
20 సెప్టెంబరు 2012

వదినమ్మకు దండాలు.

మీ పట్టీలను నేను ముట్టలేదు. మీ మనుమరాలు ముట్టింది. గోడ వట్టుకుని నిలవడుడు నేర్సింది గద, పట్టీ సందుల వేలు వెట్టి గుంజింది. మూరెడు పట్టీ పెచ్చుతోని సహా ఊడొచ్చింది. సున్నం మొఖం మీద వడితే ఏడ్వలేదు, నవ్వింది.

ఇంకొకటి. గోడకు కొట్టినయి సరే, జాగలు మారే వైర్లను ఏం జేస్తరు? టేబుల్ ఫ్యాను ఇయ్యాల హాల్ల, రేపు పడకింట్ల. చార్జర్లు ఆడోటి ఈడోటి. ఏం జెయ్యాల్నా అని సోంచాయించి, శ్రీకాంత్‌తోని నా కుట్టుమిషను ఇక్కడికి తెప్పించిన. పాముకుబుసం లెక్క పొడుగు పొడుగు బట్ట తొడుగులు కుట్టిన. మూడు నాలుగు వైర్లను కలిపి ఒక తొడుగుల వెట్టుడు, రెండు దిక్కుల నాడాతోని ముడేసుడు, మంచం కోడుకో బల్ల కాలుకో కట్టుడు. గంతే. ఇగ పిల్ల నోట్లె వెట్టుకున్నా బట్టనే నానుతది.

పక్క ఫ్లాటు ఇరం వచ్చి చూసి, "ఆంటీ, మా ఇంట్ల గూడ గిట్లనే కుట్టియ్యరా" అన్నది. ఆ పిల్లకు రెండు కుట్టిచ్చిన. కవిత ఫోన్ల ఫొటోలు వట్టుకున్నది. ఏదో పాత బట్ట ఉండె, దాంతోనే ఎళ్ళదీసిన.

మీ చీటీలు తియ్యలేదు. ఫ్రిజ్ మీద ఫ్రిజ్ అని రాయకపోతే అదేందో నాకెట్ల ఎర్కైతుండె!

చంద్రమ్మ


రాజేంద్రనగర్,
1 అక్టోబరు 2012

చంద్రమ్మ గారికి,

శ్రీకాంత్ మొన్న వచ్చినప్పుడు ఫొటోలు చూపించాడు. "అత్తమ్మ చేతిపని చూశావా అమ్మా" అని మూడుసార్లు అన్నాడు. నేను నాలుగు రోజులు నిలబడి కొట్టించిన మేకుల్ని వాడు ఒక్కసారే చూశాడు, అదీ ఒక మేకుకు చొక్కా పట్టుకున్నప్పుడు.

ఏదో పాత బట్ట అని రాశారు. కళ్ళజోడు పెట్టుకుని ఫొటోను పెద్దది చేసి చూశాను. నీలం నేత చీర. సన్నటి ఎర్ర అంచు. పిల్ల పురుడు నాటినుంచి మీ ఒంటి మీద నేను చూస్తున్న చీర. కొంగు దగ్గర మామిడి రసం మరక ఉండేది. ఆ మరక ఇప్పుడు ఫ్యాను వైరు మీద ఉంది.

నేను హెడ్మాస్టరుగా చేసినదాన్ని. కాపీ కొట్టినవాళ్ళను దూరంనుంచే గుర్తుపడతాను. మీరు ఊరికి వెళ్ళాక కూడా పిల్ల చేతికి మీ కొంగే తగలాలి. టీవీ దగ్గర మీరు, ఫ్రిజ్ దగ్గర మీరు, మంచం కింద మీరు. నా రెండు నెలల్లో కూడా మీరే. వైర్లు దాచే వంకతో ఇల్లంతా మిమ్మల్ని పరిచి వెళ్ళబోతున్నారు. తెలివైన పని. ఆ ఆలోచన నాకు రానందుకు రెండు రోజులుగా అన్నం సహించడం లేదు.

మావారు ఈశ్వరయ్య గారు ఇది చదివి, "మంచి ఉపాయమే కదా, కోపమెందుకు?" అన్నారు. ఆ పూట ఆయన పచ్చడితో తిన్నారు.

ఒక్క మాట మాత్రం టీచరుగా చెబుతున్నాను, వియ్యపురాలిగా కాదు. ఇస్త్రీపెట్టె వైరుకు గుడ్డ తొడగకండి. వేడి వస్తువు.

అనంతమ్మ


శంషాబాద్,
10 అక్టోబరు 2012

వదినమ్మా,

అవును, నా చీరనే. దొరికిన దొంగ లెక్క రాస్తున్న.

రెండు నెలలు దూరముండి వస్తే పిల్ల నన్ను కొత్త మనిషిని చూసినట్టు చూస్తది. ఈసారి వచ్చిన రోజు చేతులు చాపితే కవిత ఎనుకకు పోయి దాక్కున్నది. పొద్దుగూకేదాక నా దగ్గరికి రాలే. మీకట్ల కాలేదా? చీర కోసినప్పుడు జర దుఃఖం గూడ వచ్చింది, మా అమ్మ పెట్టిన చీర. అయినా కోసిన.

మీరు జెప్పినట్టు ఇస్త్రీపెట్టెను ఇడిచిపెట్టిన. దానికి కుట్టలేదు, కుట్టను. తక్కినయన్నిటికీ కుట్టిన. మీరొచ్చినంక తీసేస్తరో ఉంచుతరో మీ ఇష్టం.

చంద్రమ్మ


శంషాబాద్,
5 డిసెంబరు 2012

చంద్రమ్మ వదినగారికి,

కవిత మీకు ఫోను చేసిందని తెలుసు. ఏం చెప్పిందో విన్నాను. అయినా జరిగినది నేను రాయడం మర్యాద.

చందు నడుస్తోంది. ఎవరిదైనా కొంగు కొస చేతికి ఇస్తేనే అడుగు వేస్తుంది. చేతిలో కొస ఉంటే ఎవరో ముందుండి నడిపిస్తున్నారని దానికి ధైర్యం. నిన్న మధ్యాహ్నం శ్రీకాంత్ యూనిఫాం ఇస్త్రీ చేసుకుని, ప్లగ్గు తీసి, పెట్టెను బల్ల మీద నిలబెట్టి స్నానానికి వెళ్ళాడు. నేను వంటింట్లో ఉన్నాను. బల్ల అంచునుంచి వైరు వేలాడుతోంది. దాని మీది గుడ్డ తొడుగును చందు పట్టుకుంది. పట్టుకుని, నడిపిస్తారనుకుని, అడుగు వేసింది.

పెట్టె కింద పడింది. నేల టైలు పగిలింది. పెట్టె అంచు ఎడమ పాదానికి తగిలింది. పావలా అంత బొబ్బ. దవాఖానకు తీసుకెళ్ళాం, మందు రాశారు. వారంలో మానుతుందన్నారు. ఇప్పుడు ఆడుకుంటోంది. నేనే కూర్చోలేకపోతున్నాను.

కవిత తొడుగులన్నీ ఊడదీసింది. ఇంట్లో వైర్లు మళ్ళీ మొదటిలాగే ఉన్నాయి.

అనంతమ్మ


రావిర్యాల,
10 డిసెంబరు 2012

వదినమ్మకు,

కవిత ఫోన్ల ఏమన్నదో మీరు విన్నరు గద. "నీ చీరల పిచ్చి నా బిడ్డ కాలు కాల్చింది" అన్నది. నేను ఊకున్న. తల్లి కడుపు, అంటది.

నాకు బొబ్బ సంగతి రాయండ్రి. పగిలిందా, ఎండిందా? రాత్రిళ్ళు సతాయిస్తున్నదా? కొబ్బరినూనె అంటియ్యకుండ్రి, దవాఖానల ఇచ్చిందే రాయుండ్రి.

జనవరిల నా వంతు. నేను రాను. పిల్లకు ఒక్క కొంగు అలవాటైతే సాలు. రెండు నెలలకోసారి మనుషులు మారంగనే అది దేన్ని వడితే దాన్ని వట్టుకుంటున్నది. మీరు సదువుకున్నోళ్ళు, ఓపిక ఉన్నది, మీరే ఉండుండ్రి. క్యాలెండర్ల నా గీతలు కొట్టేయమని కవితకు జెప్పుండ్రి.

మిషను ఎవరితోనన్న పంపుండ్రి. ఊర్ల జాకెట్లు ఆగినయి.

చంద్రమ్మ


శంషాబాద్,
14 డిసెంబరు 2012

వదినా,

బొబ్బ ఎండింది. చర్మం రాలుతోంది. పిల్ల హాయిగా నిద్రపోతోంది. ముందు ఇది రాశాను, మీరు ముందు ఇదే చదువుతారని.

ఇప్పుడు మిగతాది. మీ అక్టోబరు ఉత్తరం నా పెట్టెలో ఉంది. ఇస్త్రీపెట్టెకు కుట్టలేదు, కుట్టను అని అందులో మీ చేతిరాతతోనే ఉంది. అంటే ఆ తొడుగు ఎవరు కుట్టారో మీకు మొదటి రోజే తెలుసు. మీకు తెలుసునని నాకూ తెలుసు. అయినా కవిత అన్నన్ని మాటలు పడ్డారు. నాకు రాసిన ఉత్తరంలో కూడా ఒక్క ముక్క అనలేదు.

నేను నవంబరులో వచ్చేసరికి చందు ఫ్రిజ్ పక్కన కూర్చుని మీ నీలం తొడుగుకు చెంప ఆనించి ఉంది. నేను చేతులు చాపాను. రాలేదు. మీకట్ల కాలేదా అని అడిగారు కదా. అయింది. వారం రోజులు ఆ తొడుగుల చుట్టూనే తిరిగింది. వాటిని తీసేయడానికి నాకు అభిమానం అడ్డొచ్చింది. నా చీర కూడా ఒకటి ఉండాలనుకున్నాను. తీరా చూస్తే ఇంట్లో మీ చీర ఎక్కని వైరు ఒక్కటే మిగిలింది. వద్దని నేనే మీకు ఉత్తరం రాసిన వైరు.

నా గంధం రంగు నారాయణపేట చీర. గంజి పోయేదాకా నాలుగుసార్లు ఉడకనీళ్ళలో ఉతికాను. చేత్తో కుట్టాను, కుట్లు వంకరగా వచ్చాయి. వేడి పలకకే గానీ వైరుకు ఉండదు కదా అని నాకు నేను పాఠం చెప్పుకున్నాను. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో అంత తప్పు పాఠం చెప్పలేదు. మధ్యాహ్నాలు ఆ కొస చందు చేతికిచ్చి, "ఇది నానమ్మది" అని నేర్పాను. బాగా నేర్చుకుంది. అందుకే పట్టుకుంది.

కవిత అన్నీ ఊడదీసేటప్పుడు రంగు చూడలేదు. నేను చూపించలేదు. పది రోజులు చూపించలేదు.

నిన్న కవితనూ శ్రీకాంత్‌నూ కూర్చోబెట్టి మీ అక్టోబరు ఉత్తరం చదివి వినిపించాను. గంధం రంగు తొడుగు వాళ్ళ ముందు పెట్టాను. శ్రీకాంత్ నేల చూశాడు. కవిత ఆ తొడుగును చేతిలోకి తీసుకుంది. తరువాత, "అత్తమ్మా, మరి మా అమ్మ ఎందుకు చెప్పలేదు?" అంది.

ఎందుకో నాకు తెలియదు. మంచితనం అని మీ బిడ్డ అనుకుంటోంది. ఒకటి మాత్రం రాస్తాను. చందు పేరులో మీరు ముందున్నారు. దాని నిద్రలో ముందున్నారు. మంచితనంలో కూడా మీరే ముందుంటే నేను భరించలేను. అందుకే చెప్పాను. పుణ్యం కోసం కాదు.

మీ తొడుగులను నేను పారేయనివ్వలేదు. ఉతికి మడిచి పెట్టాను. గంజి పెట్టలేదు.

అనంతమ్మ


రావిర్యాల,
18 డిసెంబరు 2012

వదినమ్మా,

కవిత ఫోన్ జేసి ఏడ్సింది. ఊకోబెట్టిన. మీరు చెప్పినందుకు సంతోషం. చెప్పకపోతే గూడ నేను చెప్పకపోదును. మంచితనం కాదు. కొడుకు ముందు మీరు తల దించుకుంటే చూడాల్నని నాకు మస్తు ఉండె. గందుకే నా మీద నాకే భయమైంది, ఊకున్న.

కానీ నేను రాను. తప్పు మీదైతేంది, నాదైతేంది. మన ఇద్దరి కొంగుల నడుమ పిల్ల కాలు కాలింది. మీకు మంచిగ కలుస్తున్నది గద, ఉండుండ్రి. నాకు జర అలవాటు కావాలె, గంతే.

చంద్రమ్మ


శంషాబాద్,
22 డిసెంబరు 2012

వదినా,

మీరు రానన్నారు. క్యాలెండరులో మీ గీతలు కొట్టేశారు. ఇక పిల్ల నాది ఒక్కదానిదే. నిజం చెప్పాలంటే, రెండు పూటలు ఎగిరి గంతేసినంత పని చేశాను.

ముందు ఇంటి సంగతి. బర్కత్ మళ్ళీ వచ్చాడు. హాల్లో గోడ పొడవునా నడుమెత్తులో ఒక చెక్క అర కొట్టించాను. కింద మూత, మూతకు గొళ్ళెం. వైర్లన్నీ అందులోనే. ఇస్త్రీ బాల్కనీలో, తలుపు వేసుకుని. పట్టీలు లేవు, తొడుగులు లేవు. "ఇగ కరెంటు గూడ నిమ్మళంగ పండుకుంటదమ్మా" అన్నాడు బర్కత్. పట్టుకోవడానికి ఏ కొసా లేకుండా ఇల్లు శుభ్రంగా ఉంది. నా కొంగు ఒక్కటే ఉంది. ఇక దాన్నే పట్టుకుంటుంది కదా అనుకున్నాను.

పట్టుకోలేదు. నిన్న పక్క ఫ్లాటు ఇరం పంచదార అడగడానికి వచ్చింది. ఆ అమ్మాయి చున్నీ మోకాళ్ళ దాకా వేలాడుతుంది. చందు వెళ్ళి దాని కొస పట్టుకుంది. పట్టుకుని ఇరం వెనకే గడప దాటింది. నేను "చందూ" అన్నాను. వెనక్కి కూడా చూడలేదు. గంటన్నర వాళ్ళింట్లోనే ఉంది. అక్కడే తిన్నది, అక్కడే పడుకుంది. మీరు కుట్టిచ్చిన నీలం తొడుగులు వాళ్ళింట్లో ఇంకా ఉన్నాయి, కానీ వాటి వైపు చూడలేదట. చున్నీ పిడికిట్లో పట్టుకుని పడుకుందట. ఇరం ఈ మాట నాకు చెప్పి నవ్వింది. చాలా మంచి పిల్ల. ఆ నవ్వు చూసి నాకు ఒళ్ళు మండిపోయింది.

ఇవాళ పొద్దున్నే లేచి తలుపు దగ్గర నిలబడి, పక్క ఫ్లాటు వైపు చూసి "ఇయ్యం" అంది. గిన్నె ఎక్కడా కనిపించలేదు. కనుక ఇది అన్నం కాదు.

మా ఇంట్లో చెప్పుకుంటే ఈశ్వరయ్య గారు నవ్వుతారు. కవితకు చెబితే, "పోనీలే అత్తమ్మా, ఎవరి దగ్గరికైనా పోతుంది" అని మురిసిపోతుంది. ఈ కడుపుమంట అర్థమయ్యే మనిషి నాకు ఈ భూమి మీద ఒక్కరే ఉన్నారు. ఆవిడ రావిర్యాలలో కుట్టుమిషను కోసం ఎదురుచూస్తూ కూర్చుంది.

మిషను పంపడం లేదు. మీరే రండి.

అనంతమ్మ


రావిర్యాల,
26 డిసెంబరు 2012

వదినమ్మా,

ఒకటో తారీకు దాక ఆగ. ఈ ఆదివారమే వస్తున్న.

అన్నీ రాసిండ్రు గానీ, ఆ చున్నీ ఏం రంగుదో రాయకపోతిరి.

చంద్రమ్మ